రూల్ ఇంజిన్‌కి బయటి సర్వీసులు ఎలా కలపాలి: ఐదు దారులు, ఎవరికి ఏది

అప్పు కోసం ఒక దరఖాస్తు వచ్చింది అనుకోండి. వయసు, జీతం, ఊరు దరఖాస్తులోనే ఉన్నాయి. క్రెడిట్ స్కోరు బ్యూరో దగ్గర, అంటే అందరి అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ దగ్గర ఉంది. పాన్ నంబరు సరైనదో కాదో ఇంకో సర్వీసు చెప్పాలి. బ్యాంకు ఖాతా ఆ మనిషిదేనా అన్నది పెన్నీ డ్రాప్ చేస్తే, అంటే అందులో చిన్న మొత్తం వేసి పేరు సరిచూస్తే గానీ తెలియదు. అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చాల్సిన రూల్ ఇంజిన్‌కి (షరతుల్ని రూల్స్‌గా రాసిస్తే వాటిని బట్టి నిర్ణయం చెప్పే సాఫ్ట్‌వేర్‌కి) ఇవేవీ తెలియవు. మనం అందించిన విలువలు మాత్రమే దానికి తెలుసు, వాటినే ఫ్యాక్ట్స్ అంటారు. మరి ఆ బయటి సమాచారం ఎవరు తేవాలి? రూలా, రూల్‌ని పిలిచే అప్లికేషనా, మధ్యలో ఇంకొకరా?

నేను బెంగళూరు వచ్చి పన్నెండేళ్లయింది. అందులో ఎక్కువ భాగం అప్పులిచ్చే సంస్థల సాఫ్ట్‌వేర్‌లోనే గడిచింది. మన తెలుగువాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఇదే పనిలో ఉన్నారు. మారతహళ్లి ఆంధ్రా మెస్సుల్లో మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే పక్క బల్ల దగ్గర 'బీఆర్ఈ టైమవుట్' అన్న మాట వినిపించని వారం ఉండదు. బిజినెస్ రూల్ ఇంజిన్‌ని ఇక్కడ అందరూ బీఆర్ఈ అనే అంటారు. పెట్టుకున్న గడువులోగా జవాబు రాకపోవడమే టైమవుట్. ఏ టీమ్‌కి వెళ్లినా పై ప్రశ్న మీద వాదన జరుగుతుంది, కానీ ఒక టీమ్‌కి సరిపోయిన జవాబు ఇంకో టీమ్‌కి సరిపోవడం నేను తక్కువగా చూశాను. అందుకే ఏది ఎవరికి కుదురుతుందో ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణలు అప్పులవే తీసుకున్నాను, నాకు దగ్గరగా తెలిసినవి అవే కాబట్టి. బీమా క్లెయిములకీ, సరుకు రవాణా ఛార్జీలకీ ఇదే లెక్క కొద్ది మార్పులతో పనిచేస్తుంది.

## ముందు దేన్ని బట్టి తూచాలి

ఆరు నెలల తర్వాత కారణం చెప్పగలమా? నా లెక్కలో అన్నిటికంటే బరువైనది ఇదే. తిరస్కరించిన దరఖాస్తుకి ప్రధాన కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని ఆర్‌బీఐ ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ బ్యాంకులకు చెబుతుంది. కస్టమర్ అడగవచ్చు, ఆడిటర్ అడగవచ్చు, రేపు మన రిస్క్ టీమే అడగవచ్చు. ఆ రోజు ఇంజిన్ చూసిన ఫ్యాక్ట్స్ ఏవి, ఏ వెర్షన్ రూల్స్ నడిచాయి అన్నవి రెండూ మన దగ్గర ఉంటే మళ్లీ నడిపి అదే జవాబు రాబట్టవచ్చు. స్కోరు ఈరోజు మళ్లీ తెప్పిస్తే అది ఈరోజు స్కోరే అవుతుంది, అప్పటిది కాదు.

అవతలి సర్వీసు మందగిస్తే మనకేమవుతుంది? ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం. 30 రోజుల నెలలో అది ఆగే సమయం సుమారు 43 నిమిషాలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక నిర్ణయానికి అలాంటివి ఐదు తప్పనిసరి అయితే, ఐదూ ఒకేసారి బాగుండే సమయం 99.5 శాతానికి దిగుతుంది. అంటే నెలకి మూడున్నర గంటలకు పైగా నిర్ణయాలు ఆగుతాయి, మన కోడ్‌లో ఒక్క తప్పు లేకపోయినా.

పూర్తిగా ఆగిపోవడం కంటే మందగించడం ఇంకా ప్రమాదం. సెకనుకి 20 దరఖాస్తులు వస్తూ, ఒక్కొక్కటి 2 సెకన్లు తీసుకుంటే ఏ క్షణంలో చూసినా 40 థ్రెడ్లు (సర్వర్‌లో ఒక్కో దరఖాస్తుని పట్టుకుని పనిచేసేవి) పనిలో ఉంటాయి. బ్యూరో జవాబు 30 సెకన్లకు చేరితే 600 కావాలి. జావా అప్లికేషన్లకి వాడే స్ప్రింగ్ బూట్‌లో టామ్‌క్యాట్ సర్వర్‌కి మనం ఏమీ మార్చకపోతే ఉండేవి 200. కాసేపట్లో అన్నీ బ్యూరో కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతాయి, బ్యూరో అవసరమే లేని దరఖాస్తులు కూడా లోపలికి రాలేవు.

ఒక కాల్‌కి ఎంత ఖర్చు, ఏం మిగులుతుంది? కొన్ని కాల్స్‌కి డబ్బు పోతుంది. కొన్నిటికి డబ్బుతో పాటు గుర్తు కూడా మిగులుతుంది. అప్పు కోసం బ్యూరో రిపోర్టు తీస్తే ఆ మనిషి రిపోర్టులో ఒక ఎంక్వైరీ నమోదవుతుంది, తర్వాత చూసే అప్పులవాళ్లకి అది కనిపిస్తుంది. రిపోర్టు ఎవరైనా తీసినప్పుడు కస్టమర్‌కి ఎస్ఎమ్ఎస్ గానీ ఈమెయిల్ గానీ పంపాలని 2023 అక్టోబరులో ఆర్‌బీఐ బ్యూరోలకు చెప్పింది. కాబట్టి మనం పొరపాటున రెండుసార్లు తీస్తే ముందు తెలిసేది కస్టమర్‌కే. పెన్నీ డ్రాప్ అయితే నిజంగా డబ్బే కదులుతుంది.

రూల్స్ ఎవరు రాస్తారు? డెవలపర్లే రాస్తే ఒక లెక్క. రిస్క్ టీమ్‌లో పాలసీ (ఎవరికి అప్పు ఇవ్వాలన్న షరతులు) చూసేవాళ్లు స్ప్రెడ్‌షీట్‌లాంటి టేబుల్‌లో మార్చుకుంటుంటే ఇంకో లెక్క. వాళ్ల చేతికి యూఆర్ఎల్, టోకెన్, టైమవుట్ లాంటివి రాకూడదు.

ఇక తాజాదనం. ఈ సమాచారం ఈ నిమిషానిదే కావాలా, నిన్నటిదైనా సరిపోతుందా? ఈ ప్రశ్న ప్రతి సర్వీసుకి విడిగా వేసుకోవాలి. 'అన్నీ రియల్ టైమ్' అని అలవాటుగా రాసేస్తారు, కూర్చుని అడిగితే సగానికి అవసరం ఉండదు.

## మొదటి దారి: రూలే నేరుగా కాల్ చేయడం

చూడటానికి ఇదే తేలిక. 'స్కోరు 700 కంటే తక్కువైతే తిరస్కరించు' అన్న రూల్‌లోనే స్కోరు తెచ్చే ఫంక్షన్ పెట్టేస్తాం. డ్రూల్స్ అనే రూల్ ఇంజిన్‌లో అయితే షరతు భాగంలో 'ఫ్రమ్' అని రాసి సర్వీసుని పిలవవచ్చు, లేదా గ్లోబల్‌గా (అన్ని రూల్స్‌కీ అందేలా) సర్వీసుని పంపించి రూల్ చర్య భాగంలో వాడవచ్చు. డెమోకి రెండు గంటల పని. కావలసినప్పుడే కాల్ వెళ్తుంది కాబట్టి ఖర్చు కూడా తక్కువే అనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఇలాంటి ఇంజిన్లు పుట్టిన ఆలోచనలోనే ఉంది. వీటికి మూలమైన రీట్ అల్గారిథమ్‌ని ఛార్లెస్ ఫోర్జీ 1970లలో కార్నెగీ మెలన్‌లో తయారుచేశారు, 1979లో ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం కూడా దానిమీదే. ఒకసారి పోల్చి చూసిన షరతుల ఫలితాన్ని గుర్తుపెట్టుకుని, ఏ ఫ్యాక్ట్ మారిందో దానికి సంబంధించినంత మేరకే మళ్లీ చూడటం దాని కిటుకు. అంటే మార్పులన్నీ తనకు తెలిపి జరుగుతాయని ఇంజిన్ నమ్ముతుంది. బయటి సర్వీసులో మారినది దానికి తెలియదు. ఇటువైపు మన ఫ్యాక్ట్ ఒకటి మారితే, ఆ షరతుని మళ్లీ చూడటానికి సర్వీసుని మళ్లీ పిలుస్తుంది. డ్రూల్స్ 6 నుంచి వచ్చిన ఫ్రీక్ అల్గారిథమ్ షరతుల్ని వీలైనంత వాయిదా వేసి చూస్తుంది. ఏ షరతు ఎప్పుడు, ఎన్నిసార్లు చూడాలన్నది రూల్ రాసేవాళ్ల చేతిలో లేదు. షరతుల్లో గ్లోబల్స్ వాడితే అవి మారని విలువలై ఉండాలని డ్రూల్స్ డాక్యుమెంటేషన్ చెప్పేది కూడా ఇందుకే.

ఇది నేను అనుభవించి నేర్చుకున్నాను. పాత సంస్థలో షరతులోనే బ్యూరో కాల్ పెట్టాం. రెండు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత ఎవరో జీతం సరిదిద్దే రూల్ ఒకటి చేర్చారు: దరఖాస్తులో ఏడాది జీతం రాసి ఉంటే 12తో భాగించి ఫ్యాక్ట్‌ని మార్చే చిన్న రూల్. అనంతపురం అమ్మాయి ఒకరు మా దగ్గర టెస్టింగ్ చూసేవారు. సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి, "అన్నా, ఒకే పాన్‌కి రెండు ఎంక్వైరీలు పోయినాయి. నేను బటన్ నొక్కింది ఒక్కసారే" అన్నారు. నేను మొదట నమ్మలేదు. లాగ్స్ తీసి చూస్తే నిజమే. జీతం మారగానే ఇంజిన్ ఆ షరతుని మళ్లీ చూసింది, బ్యూరోని మళ్లీ పిలిచింది. అప్పటికే ప్రొడక్షన్‌లో కొందరు నిజమైన కస్టమర్ల రిపోర్టుల్లో అనవసరపు ఎంక్వైరీ పడిపోయింది. వాటిని వెనక్కి తీయించడానికి పట్టిన సమయం, ఆ రూల్ రాయడానికి పట్టిన సమయంతో పోలిస్తే ఎన్నో రెట్లు.

పొయ్యి మీద నూనె కాగుతుండగా కరివేపాకు కోసం అంగడికి పరుగెత్తడం లాంటిది ఈ పద్ధతి. అంగడి తెరిచి ఉన్నంతకాలం వంట అవుతుంది.

అయితే దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. పిలిచేది మన సొంత మెమరీలో ఉన్న పట్టిక అయితే, ఎన్నిసార్లు పిలిచినా అదే జవాబు ఇచ్చేది అయితే, దానికి డబ్బు గానీ గుర్తు గానీ లేకపోతే, నేరుగా పిలవడంలో తప్పు లేదు. పిన్‌కోడ్ నుంచి జిల్లా పేరు తేవడం, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ నుంచి బ్యాంకు పేరు తేవడం ఈ కోవలోవి.

## రెండో దారి: అన్నీ ముందే తెచ్చి ఇవ్వడం

అప్లికేషన్ ముందుగా అన్ని సర్వీసుల నుంచి సమాచారం తెచ్చి, ఒక కట్టగా కట్టి ఇంజిన్‌కి ఇస్తుంది. ఇంజిన్ బయటికి చూడదు. ఇచ్చినదాన్ని చదివి నిర్ణయం చెప్పి ఊరుకుంటుంది. పోపు సామాను అంతా పక్కన పెట్టుకుని పొయ్యి వెలిగించడం అన్నమాట.

కారణం చెప్పడంలో దీనికి సాటి లేదు. ఆ కట్టనే అలాగే భద్రపరిస్తే చాలు, ఎప్పుడైనా మళ్లీ నడపవచ్చు. రూల్స్ టెస్ట్ చేయడం కూడా తేలిక: సర్వీసులేవీ లేకుండా ఫైళ్లలో రాసిన ఫ్యాక్ట్స్‌తో వందల కేసులు నిమిషాల్లో నడుస్తాయి. నిర్ణయాల్ని రాసే పద్ధతికి ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ 2015లో తొలి రూపం విడుదల చేసిన డీఎంఎన్ ప్రమాణం కూడా ఈ దారికే దగ్గర. అందులోని ఫీల్ భాష విలువలు లెక్కకట్టడానికే గానీ బయట ఏదీ మార్చడానికి కాదు. సర్వీసులన్నిటినీ ఒకేసారి సమాంతరంగా పిలవవచ్చు కూడా. ఒక్కొక్కటి 800 మిల్లీసెకన్లు తీసుకునే మూడింటిని వరుసగా పిలిస్తే 2.4 సెకన్లు, కలిపి పిలిస్తే దాదాపు 800 మిల్లీసెకన్లే.

నష్టం ఖర్చులో కనిపిస్తుంది. వయసు చాలక మొదటి రూల్‌లోనే తిరిగిపోయే దరఖాస్తుకి కూడా బ్యూరో రిపోర్టు తీసి ఉంటాం. రోజుకి 1,000 దరఖాస్తుల్లో 300 ఇలా మొదటి మెట్టులోనే పోతాయనుకుంటే, ఆ 300 రిపోర్టుల డబ్బు వృథా. ఆ 300 మంది రిపోర్టుల్లో పడిన ఎంక్వైరీలు కూడా అనవసరమే. ఇది నన్ను డబ్బుకంటే ఎక్కువ ఇబ్బందిపెడుతుంది. చెప్పిన అవసరానికి తగినంత సమాచారానికే సమ్మతి వర్తిస్తుందని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటుంది. అవసరం పడుతుందో లేదో తెలియకుండా అంతా తెచ్చుకోవడం ఆ స్ఫూర్తికి దూరం.

ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. పాలసీ టీమ్ కొత్త రూల్‌లో కొత్త ఫీల్డ్ వాడాలనుకుంటే అప్లికేషన్‌లో మార్పు కావాలి, దానికి డెప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ని సర్వర్ల మీదికి ఎక్కించడం) కావాలి. దీనికి నేను చేసే ఉపాయం: సర్వీసు ఇచ్చిన జవాబులో మనకి కావలసినవే కాక, పాలసీకి పనికొచ్చే ఫీల్డులన్నిటికీ మొదట్లోనే ఫ్యాక్ట్స్‌లో చోటు ఇచ్చేయడం. అప్పటికే తెచ్చిన రిపోర్టులోవే కాబట్టి దీనికి కొత్త కాల్ అక్కరలేదు.

## మూడో దారి: అంచెలవారీగా అడగడం

మొదటి రెండింటికీ మధ్య ఉన్న దారి ఇది. చిన్న, మధ్య స్థాయి అప్పుల సంస్థలకి నేను ఎక్కువగా చెప్పేది ఇదే.

ఇంజిన్ ఇచ్చే జవాబులు రెండు కాదు, మూడు: ఇవ్వవచ్చు, కుదరదు, 'ఇంకా ఈ సమాచారం కావాలి'. మొదటి అంచెలో దరఖాస్తులో ఉన్నదానితోనే నడిచే రూల్స్ ఉంటాయి. మా వాళ్లు వీటిని గో-నోగో అంటారు. అక్కడ నిలబడినవాటికి ఇంజిన్ 'పాన్ పరిశీలన కావాలి' అంటుంది. అప్లికేషన్ తెచ్చి, పాత ఫ్యాక్ట్స్‌కి కలిపి, మళ్లీ ఇంజిన్‌ని పిలుస్తుంది. తర్వాతి అంచెలో బ్యూరో. చివరి అంచెలో పెన్నీ డ్రాప్. ఏది కావాలో ఇంజిన్ పేరు మాత్రమే చెబుతుంది. ఆ పేరుకి ఏ వెండర్, ఏ యూఆర్ఎల్, ఎన్ని సెకన్లు ఆగాలి అన్నవి అప్లికేషన్ దగ్గర ఉంటాయి. మన దేశంలో బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినా 'బ్యూరో రిపోర్టు కావాలి' అన్న రూల్ మారదు. మార్చాల్సింది కటాఫ్ అంకెల్ని, రిపోర్టుని ఫ్యాక్ట్‌గా మలిచే కోడ్‌ని.

ప్రతి అంచెలో ఇంజిన్‌కి ఇచ్చిన ఫ్యాక్ట్స్ భద్రపరిస్తే కారణం చెప్పడంలో రెండో దారికి తీసిపోదు. ఖర్చులో మొదటి దారికి దగ్గరగా ఉంటుంది.

అందరూ మర్చిపోయే నష్టాలు రెండున్నాయి. మొదటిది: తొందరగా తిరస్కరించిన దరఖాస్తుకి ఒక కారణమే తెలుస్తుంది. వయసు దగ్గర ఆగిపోతే, స్కోరు కూడా తక్కువే ఉండేదా అన్నది మనకి ఎప్పటికీ తెలియదు. రెండోది ఇంకా లోతైనది. ఏడాది తర్వాత రిస్క్ టీమ్ వచ్చి, 'కనీస జీతం షరతు కాస్త సడలిస్తే ఎలా ఉంటుందో పాత దరఖాస్తుల మీద నడిపి చూద్దాం' అంటారు. జీతం దగ్గరే ఆగిపోయిన దరఖాస్తులకి బ్యూరో సమాచారం మన దగ్గర లేదు. ఏ దరఖాస్తుల గురించి తెలుసుకోవాలో సరిగ్గా వాటి సమాచారమే ఉండదు. అందుకే ఏ షరతు మొదటి అంచెలో ఉండాలన్నది డెవలపర్లు ఖర్చు చూసి ఒక్కరే తేల్చే విషయం కాదు, రిస్క్ టీమ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తేల్చాలి. వయసు, సేవలు అందించే పిన్‌కోడ్ లాంటి ఎప్పటికీ సడలించని షరతులే మొదటి అంచెలో ఉంచితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

అంచెలు ఎన్ని ఉండవచ్చో ఒక గరిష్ఠం కూడా పెట్టాలి. లేదంటే ఒక పొరపాటు రూల్ వల్ల ఇంజిన్ అడుగుతూనే, అప్లికేషన్ తెస్తూనే ఉంటాయి.

## నాలుగో దారి: వర్క్‌ఫ్లోకి అప్పగించడం

కామండా, జేబీపీఎం లాంటి వర్క్‌ఫ్లో ఇంజిన్‌లో బొమ్మ గీస్తాం: ఈ పని తర్వాత ఆ పని, ఇక్కడ సర్వీసు కాల్, ఇక్కడ రూల్స్, ఇక్కడ మనిషి చూడాలి. రూల్ ఇంజిన్ అందులో ఒక మెట్టు మాత్రమే.

మధ్యలో *ఎదురుచూపు* ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. అకౌంట్ అగ్రిగేటర్ (సమ్మతి తీసుకుని ఆర్థిక సమాచారం చేరవేసే మధ్యవర్తి సంస్థ) ద్వారా బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించాలంటే కస్టమర్ తన ఫోన్‌లో సమ్మతి ఇవ్వాలి. వెంటనే ఇస్తారో, ఆఫీసు అయ్యి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి ఇంటికెళ్లాక ఇస్తారో, అసలు ఇవ్వరో చెప్పలేం. ఫీల్డ్ వెరిఫికేషన్‌కి మనిషి ఇంటికి వెళ్లాలి, దానికి రోజులు పడుతుంది. అంతసేపు ఏ థ్రెడ్‌నీ ఆపి ఉంచలేం. వర్క్‌ఫ్లో ఇంజిన్ ఆ స్థితిని డేటాబేస్‌లో రాసుకుని, జవాబు వచ్చినప్పుడు అక్కడి నుంచే కొనసాగిస్తుంది. రెండు రోజుల్లో రాకపోతే గుర్తుచేయమని టైమర్ పెట్టవచ్చు. కామండా 7లో విఫలమైన పనిని మామూలుగా మూడుసార్లు ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే ఇన్సిడెంట్‌గా ఆపి ఉంచుతుంది. ఆపరేషన్స్‌వాళ్లు చూసి మళ్లీ నడపవచ్చు. ఆ ఒక్క స్క్రీన్ మా టీమ్‌కి ఎన్నో రాత్రుల టెన్షన్ తగ్గించింది.

కానీ మీ సర్వీసులన్నీ రెండు మూడు సెకన్లలో జవాబిచ్చేవే అయితే, ఇది పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే. ఇంకో డేటాబేస్, ఇంకో మానిటరింగ్, బొమ్మ మార్చినప్పుడు సగంలో ఉన్న దరఖాస్తుల్ని పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చే పని, అన్నీ మీద పడతాయి. ఇంకో జాగ్రత్త: షరతులు నెమ్మదిగా రూల్స్ నుంచి బొమ్మలోని బాణాల మీదికి జారుకుంటాయి. 'స్కోరు 700 పైన అయితే ఇటు' అన్నది బాణం మీద రాశారంటే మీ పాలసీ రెండుచోట్ల ఉన్నట్టే. బొమ్మలో దారి మాత్రమే ఉండాలి, నిర్ణయం రూల్స్‌లోనే ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గమనించాల్సినది: కామండా 7 కమ్యూనిటీ ఎడిషన్‌కి 2025 అక్టోబరు విడుదలే చివరిది. డ్రూల్స్, జేబీపీఎం 2023లో అపాచీ ఫౌండేషన్ ఇంక్యుబేటర్‌లోకి (కొత్తగా చేరే ప్రాజెక్టుల్ని ఉంచే చోటికి) వెళ్లాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాత పాఠాలు చూసి వెర్షన్ ఎంచుకోకండి.

## ఐదో దారి: సమాచారాన్ని ముందే దగ్గర పెట్టుకోవడం

బయట మార్పు జరిగినప్పుడల్లా కాఫ్కా లాంటి, సందేశాల్ని చేరవేసే సాఫ్ట్‌వేర్ ద్వారా మనకి చేరుతుంది, మన దగ్గర ఒక నకలు తాజాగా ఉంటుంది, రూల్స్ ఆ నకలునే చదువుతాయి. నిర్ణయ సమయంలో బయటికి ఒక్క కాల్ కూడా వెళ్లదు. యూపీఐ చెల్లింపుల్లో మోసం పసిగట్టడం లాంటి చోట మిల్లీసెకన్లే సమయం ఉంటుంది, అక్కడ వేరే దారి లేదు. బ్లాక్ చేసిన ఫోన్ల జాబితా, ఈ ఖాతా నుంచి గత గంటలో ఎన్ని చెల్లింపులు వెళ్లాయి అన్న లెక్క, ఇలాంటివి ఇందులో ఉంటాయి.

గుర్తుంచుకోవాల్సినవి రెండే. కాఫ్కాలో వరుస క్రమం ఒక పార్టిషన్ (సందేశాల్ని విడగొట్టి ఉంచే భాగం) లోపలే ఖాయం, కాబట్టి ఒకే ఖాతా మార్పులన్నీ ఒకే పార్టిషన్‌లో పడేలా కీ ఎంచుకోవాలి. నకలు ఏ సమయానిదో కూడా ఒక ఫ్యాక్ట్‌గా ఇవ్వాలి, 'ఇది పది నిమిషాలకంటే పాతదైతే ఆపు' అని రూల్ రాసుకునేలా. బ్యూరో రిపోర్టులకి ఈ దారి పనికిరాదు. అవి ఒక దరఖాస్తు కోసం సమ్మతితో తీసినవి, నిల్వ చేసి ఎప్పుడంటే అప్పుడు వాడుకునే సరుకు కాదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | తర్వాత కారణం చెప్పడం | సర్వీసు మందగిస్తే | కాల్స్ ఖర్చు | కట్టడానికి శ్రమ |
|---|---|---|---|---|
| రూలే కాల్ చేయడం | కష్టం | ఇంజిన్ కూడా ఆగుతుంది | తక్కువ అనిపిస్తుంది, రెట్టింపు కావచ్చు | చాలా తక్కువ |
| ముందే తెచ్చి ఇవ్వడం | చాలా తేలిక | అప్లికేషన్ ఆగుతుంది, ఇంజిన్ బాగుంటుంది | ఎక్కువ | తక్కువ |
| అంచెలవారీగా | తేలిక, ప్రతి అంచె భద్రపరిస్తే | ఆ అంచె దగ్గరే ఆగుతుంది | తక్కువ | మధ్యస్థం |
| వర్క్‌ఫ్లో | తేలిక | పని వేచి ఉండి తర్వాత కొనసాగుతుంది | తక్కువ | ఎక్కువ |
| ముందే నకలు | నకలు సమయం రాసుకుంటే తేలిక | పాత సమాచారంతో నడుస్తుంది | కాల్‌కి కాదు, నిర్వహణకి | ఎక్కువ |

## మీరు ఎవరు, మీకు ఏది

నలుగురైదుగురు డెవలపర్లున్న కొత్త సంస్థ అయితే రెండో దారితో మొదలుపెట్టండి. సర్వీసులు రెండో మూడో ఉంటాయి, దరఖాస్తులు తక్కువ, వృథా అయ్యే డబ్బు కూడా తక్కువ. కస్టమర్ రిపోర్టు మీద గుర్తు పడే బ్యూరో కాల్ ఒక్కదాన్ని మాత్రం రెండో అంచెగా విడదీయండి. అంత చేస్తే చాలు.

అప్పులిచ్చే ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఆర్థిక సంస్థ), వెండర్లు ఐదారుగురు, పాలసీ నెలకోసారి మారుతుంది అంటే మూడో దారి. కస్టమర్ సమ్మతి కోసం గంటలు ఆగాల్సిన మెట్టు ఒకటి వచ్చి చేరిన రోజున, ఆ అంచెలనే వర్క్‌ఫ్లోలో మెట్లుగా మార్చుకోవచ్చు. రూల్స్ మారవు, అప్లికేషన్ చేసే పని వర్క్‌ఫ్లోకి వెళ్తుంది. మేము అలాగే మారాం, రూల్ ఫైళ్లలో ఒక్క లైను కూడా తాకలేదు.

బీమా క్లెయిములు, ఇంటి అప్పులు, మనుషుల చేతుల మీదుగా రోజుల తరబడి నడిచే పనులు అయితే మొదటి నుంచే నాలుగో దారి. మీ బ్యాంకులో ఇప్పటికే వర్క్‌ఫ్లో ఇంజిన్ ఉంటే ఇంకోటి కొనకండి.

రెడీమేడ్ బీఆర్ఈ కొంటున్నవాళ్లకి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ మధ్య చాలా ఉత్పత్తులు 'బ్యూరో కనెక్టర్ లోపలే ఉంది' అని అమ్ముతున్నాయి. అది సౌకర్యమే, కాదనను. కానీ ఆ కనెక్టర్ లోపల నడిచేది మొదటి దారా, మూడో దారా అన్నది బ్రోషర్‌లో ఉండదు. డెమోలో కూర్చున్నప్పుడు ఇవి అడగండి: ఒకే దరఖాస్తుని మళ్లీ నడిపితే బ్యూరోకి మళ్లీ కాల్ వెళ్తుందా, లేక భద్రపరిచినది వాడుతుందా? పాత దరఖాస్తుల మీద కొత్త రూల్స్‌ని బయటికి కాల్ వెళ్లకుండా నడపగలమా? ఇంజిన్ చూసిన ఫ్యాక్ట్స్ పూర్తిగా మా డేటాబేస్‌కి ఎగుమతి అవుతాయా? మూడింటిలో దేనికైనా సూటిగా జవాబు రాకపోతే, కనెక్టర్ వదిలేసి ఇంజిన్ మాత్రమే తీసుకోండి, సమాచారం మీరే తెచ్చి ఇవ్వండి.

## ఏ దారైనా తప్పనివి

టైమవుట్ మీరే పెట్టాలి. జావాలోని హెచ్‌టీటీపీ యూఆర్ఎల్ కనెక్షన్‌కి ఏమీ చెప్పకపోతే అది ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. టైమవుట్‌తో పాటు, వరుసగా విఫలమవుతుంటే కాసేపు కాల్స్ ఆపేసే సర్క్యూట్ బ్రేకర్ కూడా ఉండాలి. దీనికోసం నెట్‌ఫ్లిక్స్ తయారుచేసిన హిస్ట్రిక్స్ లైబ్రరీ 2018లోనే మెయింటెనెన్స్ మోడ్‌లోకి వెళ్లింది (కొత్త అభివృద్ధి ఆగింది), జావాలో ఇప్పుడు రెసిలియన్స్4జే వాడుతున్నారు.

రీట్రై (విఫలమైన కాల్‌ని మళ్లీ చేయడం) పెట్టేముందు ఆ కాల్ రెండుసార్లు జరిగితే ఏమవుతుందో రాసుకోండి. మనకి టైమవుట్ వచ్చిందంటే అవతల పని జరగలేదని కాదు, జవాబు మనకి చేరలేదని మాత్రమే. పెన్నీ డ్రాప్‌కి ప్రతి దరఖాస్తుకీ ఒకే రిఫరెన్స్ నంబరు పంపాలి, రీట్రైలో కూడా అదే.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, నేను ప్రతి కోడ్ రివ్యూలోనూ మొదట వెతికేది: 'లేదు'కీ 'తెలియలేదు'కీ తేడా చెరిపేయడం. బ్యూరో దగ్గర రికార్డే లేని మనిషి వేరు. ఎప్పుడూ అప్పు తీసుకోలేదు, అంతే. బ్యూరో సర్వీసు పడిపోవడం వల్ల స్కోరు తెలియని మనిషి వేరు. రెండింటికీ స్కోరు ఫీల్డ్‌లో సున్నా పెట్టేస్తే '700 కంటే తక్కువ' అన్న రూల్ ఇద్దర్నీ తిరస్కరిస్తుంది. మొదటివాళ్లకి బహుశా వేరే పాలసీ ఉంటుంది. రెండోవాళ్లు మాత్రం మన సర్వర్ సమస్యకి బలైపోయారు. పైగా వాళ్లకి వెళ్లే లేఖలో 'స్కోరు తక్కువ' అని ఉంటుంది, అది అబద్ధం. హిందూపురంలో తొలిసారి బండి అప్పుకి అడిగిన కుర్రాడికి ఆ లేఖ వెళ్తే అతను ఎవర్ని అడగాలి? అందుకే ప్రతి బయటి సమాచారానికీ రెండు ఫ్యాక్ట్స్ ఇవ్వండి: విలువ ఒకటి, స్థితి ఒకటి. స్థితిలో 'వచ్చింది', 'రికార్డు లేదు', 'తేలేకపోయాం' అని మూడు మాటలుంటాయి. 'తేలేకపోయాం' అని ఉంటే ఏ రూల్ కూడా తిరస్కరణ చెప్పకూడదు, దరఖాస్తుని పక్కన పెట్టి తర్వాత మళ్లీ నడపాలి.

ఈ వారంలోనే చేయగలిగే పని ఒకటుంది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో బ్యూరో స్థానంలో ఉన్న నకిలీ సర్వీసుని 40 సెకన్లు ఆలస్యంగా జవాబిచ్చేలా మార్చి, ఒక యాభై దరఖాస్తులు పంపండి. ఎన్ని తిరస్కరణలు వచ్చాయో, వాటిలో ఏ కారణం రాసి ఉందో, నకిలీ సర్వీసు లాగ్‌లో ఒక్కో పాన్‌కి ఎన్ని కాల్స్ ఉన్నాయో చూడండి. మీకు ఏ దారి కావాలో ఆ మూడింటినీ బల్ల మీద పెట్టుకుని మాట్లాడుకోవచ్చు.